మావా, నేనూ, బరువు తగ్గిన ఫ్లైవీలూ

ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఎడమ మోకాలు నొప్పెడుతుంది. పాతికేళ్ల వయసులో తెలివి అందరికీ తలలో ఉంటే, నాకు క్లచ్ పెడల్ కింద ఎక్కడో ఉండేది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య ఇల్లు, ఆ రెంటికీ మధ్య రోజూ తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎర్ర కారు. మామూలు కారు కాదు, కంపెనీవాడే కాస్త పొగరు నింపి వదిలిన స్పోర్ట్స్ మోడల్. (ఈ సంగతి ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ని. అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెప్పేవాణ్ని.) దానికున్న పరుగు చాలక, ఫోన్లో వీడియోలు చూసి చూసి, ఇంజిన్ వెనకాల తిరిగే ఫ్లైవీలు అనే ఇనప చక్రాన్ని తీసేసి తేలికైనది వేస్తే, కాలు ఆనించగానే ఇంజిన్ లేస్తుందని కనిపెట్టాను.

కాశీబుగ్గలో నా మెకానిక్‌ని అందరూ రేసు బావ అనేవారు. జన్మలో ఒక్క రేసూ చూడలేదు గానీ పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది. సామాన్లు పంపే విశాఖ షాపాయన ఫోన్లో, రోజూ తిరిగే బండికైతే మధ్యరకం చక్రం, మెత్తటి క్లచ్ ప్లేటు తీసుకోండని బుద్ధిగానే చెప్పాడు. రేసు బావ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "అన్నిటికన్నా తేలికైంది పంపీండి బాబూ. ఏసీదే ఏత్తన్నాం, మళ్లీ సగం సగం ఏటి?" అన్నాడు. క్లచ్చు కూడా రేసుల్లో వాడే మొండి రకమే తెప్పించాం. ఆ క్లచ్చుకు రెండే రెండు పనులు తెలుసు, పట్టుకోవడం, వదిలెయ్యడం. ఈ రెంటి మధ్యా ఒక జాగా ఉంటుందనీ, పలాస ట్రాఫిక్ మొత్తం ఆ జాగాలోనే నడుస్తుందనీ మా ఇద్దరికీ అప్పటికి తెలియదు.

బిగించాక చూస్తే, కారు ఖాళీ రోడ్డు మీద నిజంగానే ఎగిరింది. పేచీ అంతా కదిలేటప్పుడే. ఆగి ఉన్నప్పుడు డబ్బాలో జీడిగింజలు పోసి ఊపినట్టు గలగలలాడేది. కదిలించబోతే అయితే గెంతేది, లేకపోతే ఊపిరి వదిలేసేది.

ఇక మావ సంగతి. మావ అంటే మా అమ్మ తమ్ముడు. మా ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్నదే, కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు పలాస ఆస్పత్రికి డయాలసిస్‌కి వెళ్లేవాడు. ఆఫీసుకు వెళ్తూ దింపడం, మధ్యాహ్నం మళ్లీ ఇంటికి చేర్చడం నా పని. కొత్త చక్రం వేసిన తర్వాత మొదటిసారి ఎక్కినప్పుడు డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకుని, "ఇదేటిరా అల్లుడా, బండికి సలిజొరమొచ్చినాదా?" అన్నాడు.

"సక్రం బరువు తగ్గించీసినాం మావా. బరువు తగ్గితే బేగి లగెత్తుతాది."

మావ డాష్‌బోర్డు వదలకుండానే అన్నాడు: "నాకూ వారానికి రెండుసార్లు ఒంట్లో నీరు లాగీసి బరువు తగ్గిత్తన్నారు కదరా. నానెక్కడికి లగెత్తుతన్నాను?"

రైలు గేటు దగ్గర అసలు నాటకం. గేటు లేచింది, కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, గెంతి మళ్లీ ఆగింది. వెనకాల లారీ, ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, అందరూ కలిసి హారన్లు. నేను సీట్లో కుంచించుకుపోతుంటే మావ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగండెహె! రేసు బండిరా ఇది! బయల్దేరడానికి మంచి గడియ సూసుకుంతంది!" అని అరిచాడు. లారీ డ్రైవరు కూడా నవ్వేశాడు. ఆ కథంతా డయాలసిస్ వార్డులో అమ్ముడైపోయింది. పక్క మంచాలవాళ్లు మావ రాగానే "ఇయ్యాల ఎక్కడాగినాది?" అని అడిగేవారట. మావ ఉన్నదానికి నాలుగు గెంతులు కలిపి చెప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం తిరిగొస్తుంటే, నీరసంగా వెనక్కి వాలి ఉన్న మావకి కారు కుదుపుకి కడుపులో తిప్పింది. దిగి, డయాలసిస్ సూది తీసి కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, తోట గట్టున వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని మళ్లీ వచ్చి సీట్లో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగా భయమేసింది. మర్నాడే రేసు బావ దగ్గరికి వెళ్లి, కంపెనీ చక్రం, మెత్తటి క్లచ్చు పెట్టించేశాను. అతను ఆ పని చేసినంతసేపూ మొహం ముడుచుకునే ఉన్నాడు.

తర్వాతి ప్రయాణం వెన్నలా సాగింది. గేటు లేవగానే కారు చడీచప్పుడు లేకుండా పట్టాలు దాటింది. ఒక్క హారనూ లేదు. మెప్పు కోసం మావ వైపు చూశాను.

"బాగుందా మావా?"

"బాగానే ఉందిరా." కిటికీ అద్దం ఎత్తేశాడు. "ఇన్నాళ్లూ ఇది ఏడ ఆగిపోద్దో, ఎవుడు తిడతాడో అని అదే సూసుకునీవోణ్ణి. ఇప్పుడు తిన్నగా ఆస్పత్రికే ఎల్తన్నట్టుంది."

ఆస్పత్రి గేటు ముందు దిగుతూ, "ఆ గెంతులదే మళ్లీ ఏయించీరా. ఒచ్చీటప్పుడు కూసింత మెల్లగా తోలు, అంతే" అన్నాడు.

చక్రం మార్చడానికి మూడోసారి గేర్‌బాక్సు దింపమంటే రేసు బావ, "మీ మావా అల్లుళ్లకి మతుందేటి?" అన్నాడు గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ మొండి క్లచ్చుతో కుదుపు లేకుండా కదలడం మెల్లగా నేర్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు మావ నిద్రపోయేవాడు. వెళ్లేటప్పుడు మాత్రం, ఏమీ నేర్చుకోనివాడిలా, గేటు దగ్గర కావాలనే ఆపేసేవాణ్ని. మావకి ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. హారన్లు మొదలవగానే ఆయన కిటికీ అద్దం దించుకునేవాడు.

మావ పోయాక ఆ కారు నడపబుద్ధి కాలేదు. ఉన్న సంగతంతా ముందే చెప్పి, టెక్కలి ఆయనొకరికి అమ్మాను. కొద్దిరోజులకే ఫోను. "ఏటి బాబూ, నలుగురిలోనూ ఆగిపోతంది, అందరూ నవ్వుతన్నారు!"

"పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి బాబూ, బాగుంటాది" అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, ఠపీమని ఫోను పెట్టేశాడు. కార్ల గురించి ఇన్నేళ్లలో నేను ఇంతమందికి చెప్పిన సలహాల్లో సరైనది బహుశా అదొక్కటేనని, నాలో నేనే నవ్వుకున్నాను.