అమ్మ ఫ్లాపీలో ఆగిపోయిన లాలిపాట

మా చిన్నప్పుడు... బందరులో మా ఇంటి కంప్యూటర్ నిద్ర లేవాలంటే ముందు దాని నోట్లో ఒక ఫ్లాపీ పెట్టాలి. కరకరమని నమిలేది... నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చేవి. అప్పుడు రెండో ఫ్లాపీ పెడితే తెలుగొచ్చేది.

అమ్మ వీధి గదిలో డీటీపీ చేసేది. శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు... పని లేని మధ్యాహ్నాలు అమ్మమ్మ పాటలు టైపు చేసుకునేది. అమ్మమ్మది దివిసీమలో హంసలదీవి దగ్గర ఊరు. సెలవు రోజైతే నేను చాప మీద పడుకుని వినేదాన్ని. అమ్మ సన్నగా పాడుతూ టైపు చేసేది... సముద్రపు గాలికి కిటికీ తెర ఊగేది... పాట ఎక్కడ అయిపోయేదో తెలియకుండానే నిద్ర పట్టేసేది.

ఒక దసరాకి, ఆయుధపూజ రోజు, కంప్యూటర్‌కి బొట్లు పెట్టమంది అమ్మ. నాకు భక్తి కాస్త ఎక్కువ! మొదటి ఫ్లాపీ రేకు పక్కకి జరిపి, లోపలి నల్లబిళ్లకి శుభ్రంగా పసుపు రాసి కుంకుమ పెట్టాను.

"ఓసి నీ భక్తి పాడుగానూ! దానికెందుకు పెట్టావే?"

"పనంతా చేసేది లోపలిదేగా అమ్మా..."

అమ్మ తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి నవ్వేసింది. మర్నాడు బస్సెక్కి గుడివాడ వెళ్లి, తెలిసినాయన దగ్గర అలాంటిదే ఇంకోటి చేయించుకొచ్చింది. అప్పట్నించి ప్రతి ఫ్లాపీకీ జత తీసి, ఉప్పుగాలి తగలకుండా బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటకెక్కించేది.

అమ్మ పోయి ఏడాది. ఆ పాటల్లో లాలిపాట రెండు చరణాల తర్వాత నాకు రావట్లేదు... అడగడానికి ఎవరూ లేరు. డబ్బా దింపాను. ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొని తగిలించి, కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే! ఆ తెలుగు ఆ పాత సాఫ్ట్‌వేర్‌కే తెలుసు.

పాత కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్ ఉందంటే, మొదటి ఫ్లాపీలోని ఫైళ్లన్నీ ఒక ఇమేజ్‌లోకి, అంటే ఫ్లాపీకి బదులు పెట్టే నకలు ఫైల్లోకి, కాపీ చేసి ఇచ్చాను. ఊహూ, లేవదే! వారం రోజులు ఏడిపించింది. తర్వాత తెలిసింది... యంత్రాన్ని లేపే ముక్క ఫైళ్లలో ఉండదట, ఫ్లాపీ మొదట్లో విడిగా ఉంటుందట. ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఇమేజ్ తీశాను.

నల్లటి తెర... తెల్లటి అక్షరాలు... తర్వాత తెలుగు! ఏడుపొచ్చేసింది.

లాలిపాట ఉంది. మూడో చరణం ఉంది. నాలుగోది సగం... అంతే. దాని కింద అమ్మ తనకోసం రాసుకున్న ముక్క.

"ఇక్కడికి ఆపాను. అమ్మాయి బడి నుంచి వచ్చింది."

మిగతా సగం ఇక దొరకదు. బాధగానే ఉంది. కానీ ఆ ఒక్క లైనూ ఎన్నిసార్లు చదువుకున్నానో...

ఇప్పుడు ఏ పాటైనా ఫోన్‌లో వేలితో తాకితే వచ్చేస్తుంది. మీ ఇళ్లలో పాత ఫ్లాపీలు, క్యాసెట్లు ఉంటే పారేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి... ఏం దొరికిందో నాకూ చెప్పండి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ పాట సగంలో ఆపి లేచేదని నాకు ఇన్నేళ్లూ తెలియదు.