బుల్లెమ్మ గోడ మీద మంగళవారాలు

తెల్లవారుజామునే లేచి, మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసుకుని, బుల్లెమ్మ నేరుగా బడి వంటగదికి వచ్చేది. పొయ్యి వెలిగించే ముందు ఆమెకు ఒక అలవాటు. వెనక గోడకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, నిన్నటిదాకా తాను గీసిన బొగ్గు గీతలను వేలితో తడుముకుంటూ లెక్కపెట్టేది. పది కంచాలు వడ్డిస్తే ఒక గీత, చివర పది నిండకపోయినా ఒక గీత. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో నిలువు వరుస. ఒక్కో వారం గీతలు అంతకు ముందు వారం గీతల కింద. బడి తెరిచినప్పటి నుంచి పది వారాల గీతలు. వాటిని చూసుకునే ఆ రోజు ఎసట్లో ఎంత బియ్యం పోయాలో తేల్చుకునేది. చదివింది రెండో తరగతి. రావులపాలెం దగ్గరి ఆ హైస్కూల్లో పదకొండేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఏ బిడ్డా ఖాళీ కంచంతో లేచింది లేదు.

ఆగస్టులో కొత్త లెక్కల మేష్టారు సురేష్‌బాబు గారు వచ్చారు. భోజనాల బాధ్యత ఆయనకే ఇచ్చారు. నెలంతా తిన్నవాళ్ళను కూడి, రోజులతో భాగించి, "సగటు వందండి బుల్లెమ్మ గారూ. సోమవారం నుంచి రోజూ వంద మందికే వండండి" అన్నారు.

బుల్లెమ్మ వంద మందికే బియ్యం కొలిచింది. అంత చదువుకున్నాయన చెప్పాక కాదంటుందా?

సోమవారం ముప్పై మందికి సరిపడా అన్నం మిగిలింది. మంగళవారం పులిహోర. వరుస సగం పైగా కదిలాక గిన్నె అడుగు గరిటెకు తగలడం మొదలైంది. చివరికి ముప్పై మంది పిల్లలు ఖాళీ కంచాలతో నిలబడ్డారు. ఆరో తరగతి గీతిక కంచాన్ని గుండెకు ఆనించుకుని నేల చూస్తోంది. బుల్లెమ్మ తన కోసం తీసిపెట్టుకున్న ముద్ద ఆ పిల్ల కంచంలో వేసింది. మిగతావాళ్ళకు మేష్టారు కొట్టు నుంచి బిస్కెట్లు తెప్పించారు.

"లెక్క తప్పు కాదే!" అన్నారాయన, తనలో తను అనుకుంటున్నట్టు.

"లెక్క తప్పని నేననట్లేదండి. కానీ సగటు వచ్చి బంతిలో కూర్చోదు కదండీ, కూర్చునేది పిల్లలు. ఇలా వచ్చి చూడండి."

మేష్టారు గోడ దగ్గరికొచ్చి గీతలను వరుసవారీగా చూశారు. మరుక్షణం బయటికి పరుగెత్తి తొమ్మిదో తరగతి మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చారు.

"అమ్మో, బార్ గ్రాఫ్!" అని అరిచింది క్లాస్ లీడర్ దేవిశ్రీ. "మామ్మా, మా చాప్టర్ నీ గోడ మీద ఉందే!"

"సోమవారం ఏడే గీతలు. ఎందుకండీ?" అని అడిగారు మేష్టారు.

"ఆదివారం వండుకున్న చేపల పులుసు సోమవారానికి ఊరుతుంది కదండీ. అందరూ బాక్సుల్లో తెచ్చుకుంటారు. మంగళవారం పులిహోరకి బాక్సు తెచ్చేవాడెవడు?"

"మేష్టారండీ, మీ సగటు కూడా బంతిలోకి రాలేదంటే పులుసు తెచ్చుకున్నట్టుందండీ!" అన్నారు వెనక నుంచి ఎవరో. మేష్టారే అందరికంటే గట్టిగా నవ్వారు.

పిల్లలు మంగళవారాలు లెక్కపెట్టారు. పదింట్లో ఎనిమిదిసార్లు పదమూడేసి గీతలు. రెండుసార్లు తొమ్మిదే. ఆ రెండు రోజులూ జోరువాన అని బుల్లెమ్మ చెప్పింది.

"అయితే వచ్చే మంగళవారం పదమూడు గీతలు పడే సంభావ్యత పదికి ఎనిమిది!" అంది దేవిశ్రీ.

"ఇన్నాళ్ళ గీతలను బట్టి అంతే. ఆ రెండు వాన రోజుల్లాంటిది మళ్ళీ రాదని మాత్రం ఎవరూ చెప్పలేరు" అన్నారు మేష్టారు. "అయినా నూట ముప్పై మందికి వండండి బుల్లెమ్మ గారూ. తప్పితే మాట నేను పడతాను."

ఆ మంగళవారం ఉదయం నుంచీ ఆకాశం నల్లగా ఉంది. బుల్లెమ్మ గిన్నె మీద మూత పెట్టి, దాని మీదే చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుంది. నాలుగు చినుకులు పడి ఆగాయి. గంట కొట్టగానే వరుస వరండా దాటి గేటు దాకా సాగింది. తొమ్మిదో తరగతి పిల్లలు కంచం కంచానికీ కేకలు పెట్టి లెక్కపెడుతున్నారు. "నూట పది! నూట పదిహేడు! నూట ఇరవై!" మేష్టారు చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. బుల్లెమ్మ గరిటె ఆగట్లేదు. "నూట ఇరవై ఏడు!" ఆ చివరి కంచం గీతికది. గిన్నెలో ఇంకా ముగ్గురికి సరిపడా పులిహోర ఉంది. పిల్లలు ఎగిరి గంతులేశారు. మేష్టారు బుల్లెమ్మకు రెండు చేతులూ జోడించారు. ఆమె సిగ్గుపడి, ఆయన చేతిలో ఒక కంచం పెట్టింది.

పిల్లలందరూ వెళ్ళాక బొగ్గుముక్క తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. మొహం ఎంత దగ్గరగా పెట్టినా పాత గీతలు ఎక్కడ ఆగాయో కంటికి ఆనలేదు. ఆ ముక్క తెచ్చి మేష్టారు అరచేతిలో పెట్టింది.

"కంట్లో శుక్లం ముదిరిందన్నారండి. ఎల్లుండి రాజమండ్రిలో ఆపరేషన్. మూడు వారాలు రాకూడదంట. వంట మా చెల్లెలు చూసుకుంటుంది గానీ, గీతలు మీరు గీయాలండీ. ఒక్క సాయం చేయండి, ముందే లెక్కేసి గీయకండి. వరుసలో చివరి బిడ్డ తిని చెయ్యి కడుక్కున్నాకే గీయండి."