వానాకాలపు పొర

మా కాలేజీ క్యాంటీన్‌లో ఒక మాట తిరిగింది. ఫిజిక్స్ ల్యాబులో రిసెర్చి చేసే ప్రఫుల్ల పూజారి, ఐదేళ్ళు కష్టపడి తయారుచేసిన పొరను తన చేతులతోనే ఓవెన్‌లో పెట్టి కాల్చేసుకుందట. గైడు మీద కోపమని కొందరు, మతి తప్పిందని కొందరు అన్నారు.

నేను ఆ ల్యాబులో గాజు సామాను కడుగుతాను. ప్రఫుల్లక్క పాలిమర్‌లో లిథియం ఉప్పు కలిపి, గాజు పళ్ళెంలో పోసి వారం ఆరబెట్టేది. పలుచటి పొర వచ్చేది. దాన్ని రెండు స్టీలు బిళ్ళల మధ్య బిగించి, కరెంటు ఎంత బాగా సాగుతోందో కొలిచేది. బాగా సాగితే బ్యాటరీలో కారిపోయే ద్రవంతో పని ఉండదు. ఐదేళ్ళూ ఆ అంకె కదల్లేదు. చివరికి మెత్తటి మట్టిపొడి కూడా కలిపి చూసింది.

అది జూలై. మంగళూరులో వాన వారంపాటు తెరిపివ్వలేదు. అంకె ఒక్కసారిగా తొంభై రెట్లయింది. గైడు హెగ్డే సారు అందరికీ గోళీబజెలనే మైదా బజ్జీలు తెప్పించారు.

"ఆగస్టులో థీసిస్ ఇచ్చెయ్యమ్మా. నీ ఫెలోషిప్పు కూడా ఆ నెలతోనే సరి."

మర్నాడు అక్క పొరలు దాచే పెట్టె తెరిచి, అడుగున తేమ పీల్చి రంగు మారే గుళికలను చూస్తూ నిలబడిపోయింది.

"జలజా, ఇవి గులాబీ రంగుకి ఎప్పుడు మారాయే?"

"నాలుగు రోజులైందక్కా. ముందు నీలంగా ఉండేవి."

"చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదు."

"అడక్కపోవడం నా తప్పే," అంది.

నేరుగా సారు దగ్గరికి వెళ్ళి, వానకి పొర తేమ పీల్చిందని చెప్పింది. నేను పక్క సింకు దగ్గరే ఉన్నాను.

"వాన పడితే నీకేమమ్మా? ల్యాబులో పడిందా?"

"గాలిలో ఉంది సార్. వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, మన పొరా అంతే."

"కొలిచింది మన యంత్రమే కదా?"

"యంత్రం నిజమే చెప్పింది సార్. నీళ్ళ గురించి చెప్పింది."

"ఐదేళ్ళు పోతాయే తల్లీ."

"ఎవరైనా ఎండాకాలంలో కొలిచి చూస్తే, ఐదేళ్ళతో పాటు మీ పరువూ పోతుంది."

సారు తల తిప్పుకున్నారు.

అక్క ఆ పొరను తూచింది. గాలి తీసేసే ఓవెన్‌లో సన్నని వేడి మీద రెండు రోజులు ఉంచి, మళ్ళీ కొలిచింది. తొంభై కాస్తా మూడు రెట్లకు పడిపోయింది.

ఆగస్టులో ఫెలోషిప్పు ఆగిపోయింది. అక్క సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ ల్యాబుకు వస్తూనే ఉంది. మట్టిపొడి పాళ్ళు మార్చి మార్చి పోసింది. ప్రతి పొరనూ బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టేది, ఆ తర్వాతే కొలిచేది. పొడి ఎక్కువైతే గడ్డ కట్టి అంకె పడిపోయేది. డెబ్బై పళ్ళేలైనా కడిగి ఉంటాను. ఫిబ్రవరిలో ఒక పొర పదకొండు రెట్లు ఇచ్చింది. అక్క బజ్జీలు తెప్పించనివ్వలేదు. జూన్ వానల్లో, తేమ చొరని పెట్టెలోనే మళ్ళీ కొలిచింది. పదకొండే. థీసిస్‌లో రాసింది ఆ అంకే.

క్యాంటీన్‌లో ఇంకా కాల్చేసిందనే చెప్పుకుంటారు. ఆ పాత పొర కాలలేదు. అక్క సొరుగులో ఒక కవరులో ఉంది. కవరు మీద ఓవెన్‌లో పెట్టక ముందు బరువు, తీశాక బరువు రాసి ఉన్నాయి. రెండోది పదమూడు మిల్లీగ్రాములు తక్కువ. తగ్గినదంతా నీళ్ళే.