అమ్మ చేతి కట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే వీపు మీద చరుపు పడేది. ఎందుకని అడిగే పని లేదు. ఆర్మూరులో మా ఇల్లనే ఏముంది, ఏ ఇంట్లోనైనా అంతే. ఆ పట్టింపు ఒక మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేయగలదని మాత్రం మా కాక మిలట్రీ నుంచి తిరిగొచ్చాకే తెలిసింది.

కాక అంటే మా నాన్న తమ్ముడు. సరిహద్దులో బాంబు పేలి ఆయన కుడిచెయ్యి మోచేతి కింద పోయింది. మిలట్రీ దవాఖానలో చాలాకాలం ఉంచుకుని, గాయం మానాక ఇంటికి పంపారు. పోయేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపిన మనిషి. వచ్చేటప్పుడు భుజం మీద తువ్వాల కప్పుకొని, ఎవరి మొహమూ చూడకుండా వచ్చాడు.

మా బాపమ్మకు, అంటే నాన్నమ్మకు, కొడుకు ప్రాణాలతో వచ్చాడన్నదే పెద్ద పండగ. మొదటి పూట ఆయన కంచంలో ఎడమచెయ్యి పెట్టగానే ఆమె అడ్డం పడింది. "వద్దు బిడ్డా, గా చెయ్యి పెట్టకు. నేను లేనా?" అని కంచం లాక్కుని, తనే కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. అది ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ఆ పూట నుంచి ఆయన తిండి గదిలోకి పోయింది, తలుపు మూత పడింది. నాలుగు ముద్దలకే తల్లితో "సాలవ్వా" అనేవాడు. బాల్కొండ నుంచి, జక్రాన్‌పల్లి నుంచి చుట్టాలు వచ్చి, చూసి, ఏడ్చి వెళ్ళేవారు. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పిలిస్తే ఈయన వెళ్ళేవాడు కాదు.

ఆయన దోస్తు ఒకాయన పసుపు మార్కెట్‌లో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పని మాట్లాడాడు. తూకం దగ్గర నిలబడి బస్తాలు చూసుకోవాలి. కొత్త పసుపు దిగేలోగా రమ్మన్నారు. కాక రానన్నాడు. కారణం వంటింట్లో ఉన్న అమ్మకూ నాకూ వినబడింది.

"పగటీలి అందరు ఒక్కతాన కూసొని సద్దులిప్పుతరు. ఆడ నా నోట్లె ఎవలు పెడ్తరు? మా అవ్వను తోల్కపోవాల్నా?"

దోస్తు చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు. మా అమ్మ మెత్తటి మనిషి కాదు. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు. ఆ మిగిలిన చాయ్ పారబొయ్యడం ఇష్టంలేక తనే తాగేసి, చాలాసేపు పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

తెల్లారి మా చేన్లో పసుపు ఉడికించే పని మొదలైంది. తవ్విన కొమ్ముల్ని పెద్ద ఇనుప కడాయిలో ఉడకబెట్టి కల్లంలో ఆరబోస్తారు. సాయంత్రం అమ్మ కుడిచేతికి పాత చీర గుడ్డ చుట్టుకొని, దానికి పసుపు ముద్ద పట్టించుకొని ఇంటికొచ్చింది. ఆవిరి కొట్టి చెయ్యి కాలిందట. బాపమ్మ లబలబలాడింది. తినే వేళకు, "దా బిడ్డా, నీగ్గూడ నేనే కలిపి పెడ్త" అంది.

"నేనేమన్న పాలు తాగే పోరినా అత్తా? నాకింకో చెయ్యి లేదా?" అని, ఆ మాట కాక గదిలోకి వినబడేలా అని, అమ్మ తన కంచం తెచ్చుకొని సరిగ్గా ఆ గడప ముందే కూర్చుంది.

అదేం తినడమో! పప్పుచారు మోచేతిదాకా కారింది. జొన్నరొట్టె చింపబోతే కంచమే గిర్రున తిరిగింది. రొట్టె ఎగిరి నా ఒళ్ళో పడింది. నేను నవ్వితే ఉరిమి చూసింది. ఇంతలో తలుపు కిర్రుమంది.

"గట్ల గాదు వదినా," అన్నాడు కాక. "చిటికెనేలు, ఉంగరమేలు రొట్టె మీద ఒత్తి పట్టు. బొటనేలితోని చింపు."

"మిలట్రీల తుపాకి పట్టుడు నేర్పుతరనుకున్న. రొట్టె చింపుడు గూడ నేర్పుతరా మరిదీ?"

"దవాఖానల నేర్పిన్రు. ఆడ మస్తుమందిమి గిట్లనే తింటుంటిమి. వద్దనేటోళ్ళు లేకుండె."

"ఐతే కూసొని చూపియ్యి. ఉత్త మాటలతోని నాకు సమజ్ గాదు."

ఆయన కూర్చున్నాడు. అమ్మ కంచంలో రొట్టెను ఎడమచేత్తో సాఫీగా చింపాడు. బాపమ్మ నోరు తెరవబోయి, అమ్మ చూపు చూసి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత రోజూ వాళ్ళ కంచాలు పక్కపక్కనే. అమ్మ మెతుకులు కింద పోస్తే ఆయన హవల్దారులా కసిరేవాడు. నేనూ వాళ్ళ పక్కన చేరి ఎడమచేత్తో నేర్చుకున్నాను. నా వీపు మీద చరుపు పడలేదు.

ఒక పొద్దున బావి దగ్గరికి వెళ్తే, అమ్మ రెండు చేతులతో నీళ్ళు చేదుతోంది. కట్టుగుడ్డ గట్టు మీద ఆరేసి ఉంది. కుడిచెయ్యి నున్నగా ఉంది. ఒక్క బొబ్బ లేదు. నన్ను చూసి, "నోరు మెదిపినవంటే నీకు నిజంగనే వాత పెడ్త" అంది. అని, గుడ్డకు మళ్ళీ పసుపు పట్టించి కట్టుకుంది.

ఉడికించే పని అయిపోయిన రోజు కూలోళ్ళందరికీ కల్లంలో భోజనం పెట్టడం మా దగ్గర రివాజు. అమ్మ వరసలో కూర్చుని తన పక్కన ఖాళీ విస్తరి ఒకటి వేయించింది. కాక చేను గట్టు మీద తువ్వాల సర్దుకుంటూ ఎంతోసేపు నిలబడ్డాడు. వెళ్ళిపోతాడేమోనని నేను అటే చూస్తున్నాను. చివరికి వచ్చాడు. కూర్చుని అన్నంలో ఎడమచెయ్యి పెట్టాడు.

వరసంతా చేతులు ఆగాయి. ఎదురుగా ఉన్న ముసలి కూలి, "ఎడమచేత్తోనా బిడ్డా?" అని గొణిగాడు.

"నీ కుడిచెయ్యి కన్న గా ఎడమచెయ్యే సాఫున్నది మామా," అంది అమ్మ. "నీ గోర్లల్ల పసుపు జూడు. పోయి కడుక్కొని రా ముందుగాల!"

ఆయన తన గోళ్ళు చూసుకున్నాడు. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత వరసంతా నవ్వింది. కాక ఆ నవ్వులోనే మారు అన్నం అడిగాడు. వడ్డిస్తున్న బాపమ్మ గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆమె కొడుకు విస్తరిలో అన్నం వేసి, కళ్ళు తుడుచుకుంటూ పక్క విస్తరికి జరిగింది.

ఇంటికొచ్చాక అమ్మ కట్టు విప్పి, "తగ్గింది" అంది.

కాక ఆ చేతివైపు చూశాడు. "గంత కాలిన చెయ్యి, మచ్చ గూడ పడలే వదినా. మంచి మందే దొరికింది."

మర్నాడు ఆయన సద్ది మూట పట్టుకొని మార్కెట్‌కు పోయాడు. అమ్మ ఆ గుడ్డను ఉతికి మసిగుడ్డ చేసుకుంది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. మొన్న మా వీధి పిల్లవాడొకడు మిలట్రీ నుంచి వచ్చాడు, కుడిచేతి వేళ్ళు పోగొట్టుకొని. మనవరాలి పుట్టినరోజుకు పిలిస్తే వచ్చి గోడవార నిలబడ్డాడు. చెయ్యి జేబులో ఉంది. "తినొచ్చిన అమ్మమ్మా" అన్నాడు.

"అబద్ధమాడకు. వండింది పారబోసే ఇల్లు గాదు ఇది. కూసో" అన్నాను. రెండు కంచాలు పక్కపక్కన పెట్టించి, నా కుడిచెయ్యి కొంగులో దాచుకొని, చిటికెనవేలూ ఉంగరంవేలూ రొట్టె మీద ఒత్తిపట్టి, బొటనవేలితో చింపాను. చూపు తగ్గింది, మోకాళ్ళు పోయాయి గానీ ఆ వేళ్ళకు ఆ పని ఇంకా గుర్తుంది. వాడు నా వేళ్ళవైపే కాసేపు చూశాడు. తర్వాత కంచం దగ్గరికి లాక్కున్నాడు.