సెక్టర్ ఫైవ్‌లో నేను నొక్కిన పచ్చ బొత్తాం

మనిషికి ఏ ఊరు కావాలో ముందే ఊహించి రైలు టికెట్టిచ్చే మిషన్ చేస్తున్నామని, దాన్ని వాడి చూడటానికి తెలుగు చదవగల పెద్దవాళ్లు కావాలని సాల్ట్ లేక్‌లోని ఒక ఆఫీసువాళ్లు హౌరాలో తెలుగువాళ్లుండే మా షాలిమార్ బస్తీకి కబురు పెట్టారు. ఓడరేవు డాక్‌లో క్రేన్‌కి సైగలిచ్చి రిటైరైన వాణ్ణి, నేను వెనక్కి తగ్గుతానా? చదవగలనన్నాను. నిజానికి నాకు సంతకం వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఇదంతా కూడా నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది.

ఉదయం ఎనిమిదికి నేనూ, మా ఆవిడ పారమ్మా హౌరా స్టేషన్ బయటికి చేరాం. ఆ ఆఫీసుండే సెక్టర్ ఫైవ్‌కి అక్కడ బస్సులు దొరుకుతాయి. టికెట్టు చవకే గానీ గంటన్నర పడుతుంది. బోర్డు బెంగాలీలో ఉంది. అడగడం నాకు నామోషీ. పారమ్మే అడిగింది.

"దాదా, సెక్టర్ ఫైవ్ జాబే?"

"జాబే మాషీమా, ఉఠున్!" అన్నాడు కండక్టర్, వెళ్తుంది పిన్నిగారూ ఎక్కండని.

"నోరు తెరిస్తే కిరీటం పడిపోద్దేటి మావా?" అంది పారమ్మ నాతో.

పై అంతస్తులోని ఆ ఆఫీసులో, మిషన్ తెర మీద ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేది శ్రావణి అనే వరంగల్ అమ్మాయి. "తాతా, అంతకుముందు వచ్చినోళ్లు ఏం తీసుకున్నరో చూసి ఇది తనంతట తనే నేర్చుకుంటది. మీరు నిజంగ పోవాల్సిన ఊరికే తియ్యుండ్రి" అంది. మేం వెళ్లాల్సింది విశాఖపట్నం, పారమ్మ కంటి ఆపరేషన్‌కి. తెర మీద రెండు వరుసల తెలుగు వచ్చింది. మొదటి మాట కూడబలుక్కునేలోపే అరచేతంత పచ్చ బొత్తాం వెలిగింది. మూలన ఇంకేదో చిన్నగా ఉంది. పచ్చది నొక్కాను. టికెట్టు బయటికొచ్చింది.

"మస్తు! మీకు గావాల్సిందే వచ్చింది గదా తాతా?"

"వచ్చింది" అన్నాను, చూడకుండానే జేబులో పెట్టుకుని.

కింద టీ కొట్టు దగ్గర తీరుబడిగా చదివాను. ప, లా, స. మా బస్తీ వాళ్లు ఎక్కువగా వెళ్లేది పలాసకే. నేనూ అక్కడికేనని మిషన్ అనుకుంది, పచ్చది నొక్కి నేను అవునన్నాను; మూలనున్న చిన్నదే కాదనడానికన్నమాట.

పారమ్మ నవ్వింది. "రేపు దీన్ని టేసన్లో ఎడితే, నానొక్కదాన్నే ఎల్తే? పలాసలో దిగి కన్ను ఎవుడి సేత కోయించుకోను?"

నాకు నవ్వు రాలేదు. మళ్లీ పైకెక్కాను. గది నిండా జనం. "అమ్మా, నాకు సదువు రాదు. పచ్చగా ఉందని నొక్కీసినాను" అన్నాను.

శ్రావణి ముఖం వాడిపోయింది. "పొద్దున్నుంచి అందరూ పచ్చదే నొక్కిన్రు తాతా. మిషన్ మంచిగ ఊహిస్తున్నదని మేం సంబరపడ్డం."

"అదేటనుకుంతందో నోటితో సెప్పమను. కాదనడానికీ అంతే బొత్తాం ఎట్టు. తొందరెట్టకు" అన్నాను. రాసుకుంది.

బరువు సరిగ్గా కట్టారో లేదో తెలియకుండా, క్రేన్ కింద నిలబడి 'ఎత్తు' అని నేనెన్నడూ చెయ్యి ఊపలేదు. ఆ రోజు చదవకుండా పచ్చ బొత్తాం నొక్కి, ఊపినంత పని చేశాను. నేను తిరిగి వెళ్లకపోతే ఆ మిషన్ నా అబద్ధాన్ని కూడా నేర్చుకుని, మా వాళ్లందరికీ అదే అప్పజెప్పేది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట: బోర్డు చదివినట్టు నటించకండి, కండక్టర్‌ని అడిగి ఎక్కండి. తిరుగు బస్సు దగ్గర నేనే అడిగాను, పారమ్మ వింటూండగా.