కిటికీలోంచి కనిపించిన బండి నంబర్

ఆరేళ్లుగా నా చెవిలో ఒక చప్పుడు ఉంది. మనిషి వేళ్లు విరిగిన చప్పుడు. నా భార్యకు చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు, ఆ వేళ్లున్న మనిషి గుమ్మంలోకి వచ్చి అడిగినా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ఈ ఉత్తరంలో మీకు చెప్పగలుగుతున్నాను. నాలాంటి పిరికివాడికి ముక్కూ మొహం తెలియనివాళ్లే దిక్కు.

మాది మచ్చ బొల్లారంలో ఒక కాలనీ. వెబ్‌సైట్లకు ఫారాలు తయారుచేయడం నా ఉద్యోగం. జనం గడుల్లో నింపింది సరిగ్గా ఉందా లేదా అని పరీక్షించే కోడ్ రాస్తాను. ఫోన్ నంబర్‌లో పది అంకెలు ఉన్నాయా, పుట్టినరోజు రేపటి తేదీ కాదు కదా, ఇలాంటివి. ఆ ఏడాది కాలనీలో వరసగా రెండు గొలుసు దొంగతనాలు జరిగాయి. అనుమానం ఉన్న బండి నంబర్ ఎవరైనా రాస్తే వెంటనే అందరి ఫోన్లకూ వెళ్లేలా ఒక పేజీ చేసిపెట్టమని కాలనీ సెక్రటరీ అడిగాడు. పొంగిపోయి ఒప్పుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆ ఫారాన్ని పరీక్షిస్తూ కూర్చున్నాను. తప్పు నంబర్లు కొట్టాను. ఎర్ర అక్షరాలతో తిప్పికొట్టింది. ఇక సరైన నంబర్ ఒకటి కావాలి. కిటికీలోంచి చూశాను. కింద చేపల మల్లేశం బండి ఉంది. శామీర్‌పేట నుంచి వారం వారం థర్మాకోల్ డబ్బాలో రవ్వ, బొచ్చె చేపలు తెచ్చి అమ్మేవాడు. నా భార్య అతనితో బేరమాడుతోంది. ఆ నంబరే కొట్టాను. ఏం చూశారో రాసే గడిలో 'టెస్ట్' అని కొడితే తీసుకోలేదు. అక్కడ కనీసం ఇరవై అక్షరాలు ఉండాలని నియమం పెట్టింది నేనే. విసుగొచ్చి 'కత్తి చూపించి మెడలో గొలుసు లాక్కెళ్లాడు' అని రాశాను. పేరు గడి ఖాళీగా వదిలేశాను. భయపడేవాళ్లు కూడా రాయాలని ఆ ఒక్క గడికే ఏ నియమమూ పెట్టలేదు. బటన్ నొక్కాను. మెసేజ్‌లు వెళ్లకుండా ఆపే ఉంచాననుకున్నాను. ఆపలేదు.

స్నానం చేసి వచ్చేసరికి వీధి చివర అరుపులు.

పరుగెత్తాను. అన్నీ తెలిసిన మొహాలే, అతని దగ్గర చేపలు కొన్నవాళ్లే. డబ్బా పగలగొడితే చేపలు కోసే కత్తి బయటపడింది. మెసేజ్‌లో కత్తి, డబ్బాలో కత్తి. ఇంకేం కావాలి? క్రికెట్ బ్యాట్లు, బెల్టులు, చెప్పులు. ఒకడు హెల్మెట్ తీసి మొహం మీద బాదుతున్నాడు. నెత్తురుతో పాటు ఒక పన్ను రోడ్డు మీద పడింది. మల్లేశం ఐసునీళ్లలో చేపల మధ్య ముడుచుకుపోయి, రెండు చేతులతో తల కప్పుకున్నాడు. సెక్రటరీ నా భుజం తట్టాడు. "నీ ఫారం మస్తు పనిజేసింది తమ్మీ," అని చేతిలోని కర్ర నాకిచ్చాడు.

అది నేను పెట్టిన నంబర్, ఆపండి. అయిదు మాటలు. నోట్లోనే ఉన్నాయి. అంటే ఏమయ్యేది? కర్రలు నా మీదికి తిరిగేవేమో. తిరిగితే తిరగనీ అని ఎందుకు అనుకోలేకపోయాను? అందరూ నన్నే చూస్తున్నారనిపించింది, కొట్టకపోతే దొరికిపోతాననిపించింది, ఇంకా నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు అతని మీదే కోపం వచ్చింది, పోయి పోయి నా కిటికీ కిందే బండి ఎందుకు పెట్టాడని. కొట్టాను. బలం కొద్దీ కొట్టాను. దెబ్బ తల మీదున్న కుడిచేతి వేళ్ల మీద పడింది. ఇప్పటికీ వినిపించేది ఆ చప్పుడే.

పోలీసులు వచ్చి బండి అతనిదేనని, ఏ కేసూ లేదని తేల్చారు. ఎవరు కొట్టారంటే ఎవరూ నోరు విప్పలేదు. మధ్యాహ్నానికల్లా నేను రాసింది తుడిచేసి, ఎవరో పేరు లేకుండా పెట్టారని సెక్రటరీతో చెప్పాను.

రెండు నెలల తర్వాత మల్లేశం మా గుమ్మం ముందు నిలబడ్డాడు. కొట్టినవాళ్లలో నేనున్నానని అతనికి తెలియదు. తల కప్పుకుని ఉన్నాడు కదా.

"సార్, మీరు కంప్యూటర్ పని జేస్తరంట గదా. నా బండి నంబర్ అండ్ల ఎవలు వెట్టిండ్రో జర జూసి చెప్తరా?"

"పేరు రాయలేదు మల్లేశం. తెలిసే దారి లేదు."

"కొట్లాటకు గాదు సార్. నేను ఎవల జోలికీ పోనోన్ని. నాదే ఎందుకు వెట్టిండో ఒక్కసారి అడుగుదామని."

"నాకు తెలియదు," అన్నాను.

"సరే సార్. మిమ్మల్ని పరేషాన్ జేసిన." దండం పెట్టాడు. కుడిచేతి మూడు వేళ్లు ఎడమచేతి వేళ్లను తాకలేదు.

కత్తి పట్టలేక చేపలు అమ్మడం మానేశాడని, మేడ్చల్‌లో ఏదో గోదాముకు కాపలా ఉంటున్నాడని తర్వాత విన్నాను. అటువైపు పని పడితే ఇప్పటికీ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాను. అతను వచ్చి వెళ్లిన సాయంత్రమే ఆ ఫారంలో పేరు గడికి నియమం పెట్టాను. ఖాళీగా ఉంటే తీసుకోదు. ఎంత మంచివాణ్నో చూశారా? దొంగ లోపలికి వచ్చాక తలుపు వేసుకున్నాను, ఆ దొంగను నేనే.

ఈ ఉత్తరం పంపే పేజీలోనూ పేరు గడి ఉంది. ఖాళీగా వదిలినా తీసుకుంటుంది. వదిలేస్తున్నాను. సిగ్గు లేదా అంటే, ఉంది. రాశాక గుండెల మీది బరువు కాస్త దిగింది, ఆ మాత్రం దిగడం కూడా నాకు దక్కాల్సింది కాదు. మల్లేశం, ఆ నంబర్ పెట్టింది నేను. నీ వేళ్లు విరగ్గొట్టింది నేను. నీదే ఎందుకు పెట్టానని అడిగావు. నీ బండి కిటికీలోంచి కనిపించింది. అంతే.