ఆపా కోసం ఉర్దూ కార్డు

మొన్న సిరిసిల్లలో మా మేనకోడలు, విండోస్ కోసం చేసిన పాత ఆట ఒకటి తన లినక్స్ లాప్‌టాప్‌లో తెరిచి చూపించింది. "గిట్ల నొక్కితే అయిపాయె అత్తా, గిదేం పెద్ద పని?" అంది. నా మనసు మాత్రం కోరుట్లలో తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను నడిపిన డీటీపీ సెంటర్‌కు పోయింది.

పక్క షాపు దర్జీ చాచాది. నా జాకెట్లన్నీ కాస్త వదులుగా కుట్టి, "రేపు లావైతవు బిడ్డా" అనేవాడు. ఆ మాట నేను నిలబెట్టాను కూడా. తల్లిలేని ఆయన్ని పెంచింది మెట్‌పల్లిలో ఉండే అక్క, ఆయన ఆపా. పెద్దకొడుకు పెళ్లికి చాచా తెలుగు కార్డులే వేయించాడు. ఉర్దూ తప్ప మరొకటి చదవలేని ఆపా, "నాకు చదువరాని కార్డు పంపుడు పిలుసుడా?" అని అలిగి రాలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ ఉద్యమం రోజుల్లోనే చిన్నకొడుకు పెళ్లి కుదిరింది. ఈసారి ఉర్దూ కార్డు కావాలన్నాడు చాచా.

సరిగ్గా అప్పుడే వైరస్ సోకి నా కంప్యూటర్‌లో విండోస్ పోయింది. బాగుచేసే మనిషి జగిత్యాల నుంచి రావాలి. బందులు, రాస్తారోకోలతో దారులన్నీ మూతపడ్డాయి. కాలేజీ కూడా మూతపడి ఇంటికొచ్చిన మా తమ్ముడు తన సీడీతో విండోస్ బదులు లినక్స్ ఎక్కించాడు. కానీ ఉర్దూ టైపు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌ది, తెరుచుకోనే లేదు. అలాంటివాటిని లినక్స్‌లో నడిపించే వైన్ అనే ప్రోగ్రాం ఉందని వాడు దాన్ని దించడం మొదలుపెట్టాడు. కరెంటు పోతూ వస్తూ సాయంత్రానికి పని పూర్తయింది. తెర మీద ఉర్దూ రానే వచ్చింది; కలిసి ఉండాల్సిన అక్షరాలు మాత్రం విడివిడిగా నిలబడ్డాయి.

చాచా కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "రాష్ట్రం ఇడిపోవాలంటున్నరు గని, మా అక్షరాలేం జేసినయ్ బిడ్డా?"

నవ్వాం. ఆపా ఒక్కదానికి చేత్తో రాసిద్దామన్నాను.

"అందరికి అచ్చుకార్డులిచ్చి ఆపాకు చేతిరాతదిస్తె, మల్ల తక్కువ చేసినట్టే గద!"

మర్నాడు తమ్ముడు పాత డిస్కులోంచి అక్షరాలను కలిపి చూపే ఉర్దూ ఫాంట్లు వెతికి తీసి, వైన్ వాటిని వెతుక్కునే చోట పెట్టాడు. మళ్లీ తెరిస్తే అక్షరాలు చేయీ చేయీ కలుపుకుని వచ్చాయి. చాచా అందులో తన తండ్రి పేరు పైకి చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

ఆ కార్డు అందుకుని పెళ్లికి ఆపా వచ్చింది. షామియానా కింద చాచాను పట్టుకుని ఉర్దూలో తిట్లు మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులోకి దిగింది. "గింత బక్కగైనవేందిరా, అన్నం తింటలెవ్వా?" నెరిసిన గడ్డం చాచా పిల్లాడిలా తలొంచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత పండగలన్నీ వాళ్లు కలిసే చేసుకున్నారు. ముందు ఆపా, ఆ వెనకే చాచా వెళ్లిపోయారు. ఆ పెళ్లినాడు అందరికీ బోలెడు కాలం ఉందనే అనిపించింది. తీరా చూస్తే వాళ్లకు మిగిలింది కాస్తే, ఆ కాస్తా అలక లేకుండా గడిచింది.